సర్కారు గ్రాంటుతో ఆపద సామాను కొనేటప్పుడు

(బ్రాడీపేటలో జరిగిన మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం పంతులుకు ఈ విషయం ఎందుకు అప్పగించారా అని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. మాకూ కలిగింది. పిల్లల చదువును గూర్చి మాట్లాడమంటే రెండు గంటలైనా మాట్లాడగలం. కాని సెక్రటరీ గారు ఒక కాగితం మా చేతిలో పెట్టి, "సార్, మన కుర్రాళ్లు అంబులెన్సు కావాలంటున్నారు, లైఫ్ జాకెట్లు కావాలంటున్నారు, ఆక్సిజన్ మిషన్లు కావాలంటున్నారు. గవర్నమెంటు గ్రాంటు తెచ్చుకుందాం అంటున్నారు. ఆ రూల్సేమిటో మీరు చదివి నలుగురికీ చెప్పండి. స్కూల్లో కొనుగోలు కమిటీలో ఉన్నారు గదా" అన్నారు. ఉన్న మాటే. ఎన్నో ఏళ్లుగా సుద్దముక్కల మొదలు బెంచీల వరకు కొన్న కమిటీలలో మా సంతకం ఉన్నది. అందులో మేము చేసిన తప్పు కూడా ఒకటున్నది. దానితోనే మొదలుపెడతాము. నిబంధనల పుస్తకం కంటె ఆ తప్పే మాకు ఎక్కువ నేర్పింది.

తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న ఒక పాఠశాల అంటుకొని 94 మంది పసిపిల్లలు చనిపోయిన సంగతి మీరు మరిచిపోయి ఉండరు. ఆ ఘోరం తరువాత సుప్రీంకోర్టుకు వెళ్లిన వ్యాజ్యంలో 2009 ఏప్రిల్ 13న తీర్పు వచ్చింది. దేశంలోని బడులన్నింటిలో మంటలార్పే సాధనాలు ఉండి తీరాలని అందులో ఆదేశించారు. అప్పటినుంచి బడుల వరండాలలో ఎర్ర సిలిండర్లు కనబడసాగాయి. మేము అప్పట్లో పనిచేస్తున్న బడికి కూడా కొన్నేళ్లకు గ్రాంటు సొమ్ముతో నాలుగు సిలిండర్లు వచ్చాయి. ఇంటర్వెల్ సమయంలో ఆటోలో దిగాయి. హెడ్మాస్టరు గారు కాగితం తెచ్చి, "కమిటీ వాళ్లు ముగ్గురూ సంతకాలు పెట్టండి, బిల్లు ఇవాళే పంపాలి" అన్నారు. చేతిలో టీ గ్లాసు ఉన్నది. గ్లాసు కిటికీలో పెట్టి సంతకం చేశాము. అట్టపెట్టెలు విప్పలేదు. బెల్లు కొట్టారు, క్లాసుకు పోయాము.

రెండేళ్ల తరువాత ఒకనాడు మధ్యాహ్న భోజనం వండే షెడ్డులో గ్యాసు గొట్టం దగ్గర మంట లేచింది. మేమే పరుగెత్తుకుపోయి గోడకున్న సిలిండరు తీసి, పిన్ను లాగి, పిడి నొక్కాము. "స్స్" అని ఒక్క శబ్దం, అంతే. లోపల పొడి గడ్డకట్టింది. రెండోది తెచ్చాము. అదీ అంతే. చివరకు వంటమనిషి తడిపిన గోనెసంచి మంటమీద వేసి, రెగ్యులేటరు కట్టేసింది. ఆమె ముంజేతికి బొబ్బలెక్కాయి. పిల్లలకేమీ కాలేదు. సాయంత్రం అందరూ పోయాక ఆ సిలిండరు మీద కాగితం చదివాము. మళ్లీ నింపించవలసిన తేదీ, అది మా బడికి రాకముందే దాటిపోయి ఉన్నది. అమ్మినవాడు మోసం చేశాడనండి, నిజమే. కాని ఆ తేదీ చదవటానికి మాకు అర నిమిషం పట్టేది. తరువాత చాలారోజులు ఆ అమ్మ అన్నం వడ్డిస్తుంటే మేము ఆమె చేతివంక చూడలేకపోయాము.

ఆ సంతకం కింద ఏమి వ్రాసి ఉన్నదో అప్పుడు కూర్చుని చదివాము. కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళి అని ఒకటున్నది. 2017లో దానిని కొత్తగా వ్రాశారు. అందులో 154వ నియమం చిన్న కొనుగోళ్లను గూర్చి. కొటేషన్లు లేకుండా కొనవచ్చును, కాని కొన్నవాడు ఒక ధృవపత్రం వ్రాయాలి. సరుకు కావలసిన నాణ్యత గలదని, నమ్మకమైన చోట సరసమైన ధరకు కొన్నానని, తాను స్వయంగా తృప్తిపడినానని. దాని తరువాతి నియమం అంతకు పెద్ద కొనుగోళ్లకు. ముగ్గురు సభ్యుల కమిటీ వేసి, ఆ ముగ్గురూ బజారుకు పోయి ధర, నాణ్యత విచారించి, ఉమ్మడిగానూ విడివిడిగానూ తృప్తిపడినామని వ్రాసి సంతకాలు పెట్టాలి. "విడివిడిగానూ" అన్న మాట మీద మీ దృష్టి ఉంచవలెనని మా మనవి. రేపు ఏదైనా జరిగితే "మిగతా ఇద్దరూ పెట్టారు, మేమూ పెట్టాము" అంటే చెల్లదు.

2017లో ఆ పుస్తకం వ్రాసినప్పుడు మొదటి హద్దు 25 వేలు, రెండవ హద్దు రెండున్నర లక్షలు. ఇటువంటి హద్దులను ప్రభుత్వం అప్పుడప్పుడు పెంచుతూ ఉంటుంది. మన రాష్ట్రపు సొమ్మయితే ఆంధ్రప్రదేశ్ ఫైనాన్షియల్ కోడు, ఆ శాఖవారి జీవోలు చూసుకోవాలి. కనుక అంకెలు బట్టీపట్టవద్దు. గ్రాంటు మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున, అందులో ఏ నిబంధన వర్తిస్తుందని వ్రాశారో అదే మనకు కొలబద్ద. ఆ ఉత్తర్వును ఆసాంతం చదవకుండా దుకాణం మెట్లెక్కకూడదు.

ఇక మన సంఘం సంగతి. 2021 మే నెలలో ఆక్సిజన్ కోసం ఊరు ఊరంతా ఏ విధంగా పరుగులు పెట్టిందో ఇక్కడున్న ప్రతి కుటుంబానికీ తెలుసు. ఈ హాలులో ఆ నెలలో మనిషిని పోగొట్టుకోని ఇల్లు తక్కువ. అప్పుడు మనం చందాలు వేసుకొని రెండు కాన్సెంట్రేటర్లు కొన్నాము. గంటలో నిర్ణయం, మరునాడు సొమ్ము, నాలుగో రోజుకు మిషన్లు. ఒకటి బాగానే పనిచేసింది. రెండోది, ధార పెంచేకొద్దీ అందులో ఆక్సిజన్ పలచబడిపోయేదని తరువాత ఒక డాక్టరు గారు మీటరు పెట్టి చూసి చెప్పారు. ఎవరికి పెట్టామో, వారికి ఎంతవరకు ఉపకరించిందో ఆలోచిస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ మిషను మన ఆఫీసు బీరువా పక్కన గుడ్డ కప్పి ఉన్నది. అది మన సొంత చందా గనుక మనల్ని ఎవ్వరూ అడగలేదు. అదే గ్రాంటు సొమ్మయితే ఆడిటరు అడిగి ఉండేవాడు. ఎందుకు కొన్నారు, ఏ లక్షణాలు కోరారు, ఎవరు పరీక్షించారు, ఇప్పుడెందుకు మూలనున్నది అని. మేము రూల్సు చదువుతున్నకొద్దీ ఒక సంగతి తోచింది. ఆడిటరు అడిగే ప్రశ్నలు, ఊపిరాడని మనిషి కొడుకు అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కటే.

మన కుర్రాళ్లు గ్రాంటు అంటున్నారు సరే, ఏ గ్రాంటు? "ప్రభుత్వం దగ్గర విపత్తుల నిధి ఉన్నది గదా" అని ఒకరన్నారు. ఉన్నది. రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి అంటారు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడింది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు రాష్ట్రాలకు ఇచ్చిన విపత్తు నిధులలో ఏ పనికి ఎంత శాతమో పంచి, సన్నద్ధతకు, శిక్షణకు పది శాతం కేటాయించింది. రక్షణ పరికరాలు, వైర్లెస్ సెట్లు మొదలైనవాటిని ప్రభుత్వ శాఖలు ఇటువంటి పద్దుల కింద కొంటాయి. కాని అది రాష్ట్ర కార్యనిర్వాహక కమిటీ చూసుకొనే సొమ్ము. మన వంటి సంఘం దరఖాస్తు పెట్టి తెచ్చుకొనే సంచీ కాదు.

మనకు అందుబాటులో ఉన్నది పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం. ఎంపీ నిధులు అంటాము. 1993 డిసెంబరులో మొదలైంది. 2011-12 నుంచి ఒక్కొక్క సభ్యునికి ఏడాదికి 5 కోట్లు. ఆ సొమ్ము ఎంపీ గారి చేతికి రాదు, మన చేతికీ రాదు. ఆయన సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేసి పని చేయిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త మార్గదర్శకాలు అమలులోకి వచ్చాయి గనుక పాత జిరాక్సులు పట్టుకొని తిరగవద్దు. కలెక్టరేటులో ప్రణాళికాధికారి ఆఫీసుకు పోయి కొత్త ప్రతి చూసి రావాలి.

అంబులెన్సు విషయం ఇక్కడే వస్తుంది. మన కుర్రాళ్లు బొమ్మ కూడా గీయించారు. తెల్ల బండి, పక్కన పచ్చ అక్షరాలతో మన సంఘం పేరు, వెనుక తలుపు మీద సెల్ నెంబరు. బొమ్మ ముచ్చటగానే ఉన్నది. కాని ఎంపీ నిధుల 2016 మార్గదర్శకాలలో కూడా ఉన్నదేమంటే, ఆ సొమ్ముతో అంబులెన్సు కొనవచ్చును గాని యాజమాన్యం జిల్లా అధికారుల పేరనే ఉండాలి. మనం నడిపేవాళ్లం కావచ్చునేమో గాని, బండి మనది కాదు. మనది కాని బండి మీద మన పేరు ఎంత పెద్దదిగా వ్రాసుకోవాలో మీరే ఆలోచించండి. ఈ మాట చెప్పినప్పుడు ఒక కుర్రవాడు, "అయితే మనకేం లాభం మాస్టారూ?" అన్నాడు. లాభం రోగికి, బాబూ. మనకు పని.

ఇంకొకటి, ఇది పెద్దలు కొంచెం ఓపికగా వినాలి. సామాను పెట్టటానికి గది కావాలి గదా, మసీదు ఆవరణలో ఖాళీ ఉన్నది, అక్కడే గ్రాంటుతో ఒక షెడ్డు వేయిద్దాము అని ప్రతిపాదన వచ్చింది. ఎంపీ నిధులతో ప్రార్థనాస్థలాల లోపలగాని, మతసంస్థలకు చెందిన భూమిమీదగాని పని చేయకూడదని నిషేధపు జాబితాలో ఉన్నది. ఇది మనకే కాదు, గుడికీ అంతే, చర్చికీ అంతే. మన మీద కక్షగా ఎవరూ అనుకోవద్దు. మనం స్టోరు గది అద్దెకు తీసుకోవచ్చు, లేదా సభ్యులెవరైనా ఇవ్వవచ్చు. దరఖాస్తులో మాత్రం ఆ స్థలం ఎవరిదో ఉన్నదున్నట్లు వ్రాయాలి. "కమ్యూనిటీ హాలు" అని పేరు మార్చి వ్రాద్దామని సలహా ఇచ్చినవారున్నారు. ఆ సలహాకు మేము ఒప్పుకోము.

ఇప్పుడు కొనుగోలు. మొదట వ్రాయవలసినది కొటేషను కాదు, అవసరం. ఏ ఆపదకు, ఎంతమందికి, ఎవరు వాడతారు, ఎక్కడ ఉంచుతారు అని ఒక పేజీ. ఆ పేజీ వ్రాయటానికి కూర్చుంటే సగం సామాను తనంత తానే జాబితాలోంచి పడిపోతుంది. ఉదాహరణకు మన గుంటూరునే తీసుకోండి. ఇక్కడ మంటలంటే పత్తి, మిరప. ప్రెస్సు చేసిన పత్తి బేలు అంటుకుంటే పైన ఆరినట్లుంటుంది, లోపల రోజుల తరబడి రాజుకుంటుంది. మిరప అంటుకుంటే ఇక చెప్పేదేమున్నది, మన ఇళ్లలో పోపులో నాలుగు ఎండుమిరపకాయలు మాడితేనే వీధి వీధంతా దగ్గుతుంది. కోల్డ్ స్టోరేజీలో వేల బస్తాలు అంటుకొన్నచోటికి ముక్కుకు గుడ్డ కట్టుకొనిపోతే మనిషి తిరిగి రాడు. అక్కడికి వీపున గాలి సిలిండరు కట్టుకొనే బ్రీతింగ్ సెట్టు కావాలి. ఆ గాలి నిమిషాల లెక్కన అయిపోతుంది, మళ్లీ నింపటానికి వేరే కంప్రెసరు కావాలి, తొడుక్కొనేవానికి తరిఫీదు కావాలి. ఇది అగ్నిమాపక శాఖవారి పని. మన కుర్రాళ్ల జాబితాలో అటువంటి సెట్లు రెండున్నాయి. వాటిని కొట్టివేయమని మా అభిప్రాయం. ఉన్నాయిగదా అని తొడుక్కొని లోపలికి పోయే ధైర్యవంతులు మనలో ఉన్నారు. మా భయమంతా అదే.

అవసరం తేలినాక లక్షణాలు వ్రాయాలి. కంపెనీ పేరు వ్రాయకూడదు, పని వ్రాయాలి. "ఆక్సిజన్ మిషను ఒకటి" అని వ్రాస్తే మన బీరువా పక్కనున్నటువంటిదే వస్తుంది. నిమిషానికి 5 లీటర్ల పూర్తి ధార వద్ద కూడా ఆక్సిజన్ 90 శాతానికి తగ్గకూడదు, తగ్గితే మిషనే గంట కొట్టాలి, మీటరుతో చూపించినాకే సొమ్ము ఇస్తాము అని వ్రాయాలి. మంటలార్పే సిలిండరు అయితే భారతీయ ప్రమాణం 15683 ముద్ర ఉండాలి, తయారైన తేదీ ఫలానా నెలకు ముందుది కాకూడదు అని వ్రాయాలి. "అంబులెన్సు" అన్న ఒక్క మాట కూడా చాలదు. మన దేశంలో అంబులెన్సులకు ఏఐఎస్ 125 అనే ప్రమాణం ఉన్నది, అందులో రోగిని కేవలం తీసుకుపోయే బండి వేరు, ప్రాథమిక ప్రాణరక్షణ బండి వేరు, వెంటిలేటరుతో సహా ఉండే బండి వేరు. ధరలకు పొంతనే ఉండదు. ఏది కావాలో చెప్పకుండా మూడు చోట్ల ధర అడిగితే ముగ్గురూ మూడు వేర్వేరు వస్తువులకు ధర చెబుతారు.

మూడు చోట్ల అన్నాము గనుక కొటేషన్ల మాట చెప్పక తప్పదు. మన ఊళ్లో కొటేషన్లు తెచ్చే పద్ధతి అందరికీ తెలిసిందే. ఒకే దుకాణానికి పోతే ఆయనే నవ్వుతూ మూడు లెటర్‌హెడ్లు తీసి ఇస్తాడు. పేర్లు మూడు, దస్తూరీ ఒక్కటే, అక్షరదోషాలు కూడా ఒక్కటే. ఒకసారి మేము పిల్లల కాపీ పట్టుకున్నట్లే పట్టుకున్నాము. ఇద్దరు పిల్లలు ఒకే తప్పు ఒకే చోట వ్రాస్తే ఏమిటి అర్థం? ఆడిటరుకూ ఆ మాత్రం తెలుసు. అట్లాగే బిల్లు ముక్కలు చేయటం. లక్షా ఇరవైవేల సామాను ఒక్క బిల్లుగా ఉంటే కమిటీ, విచారణ అన్నీ కావాలి. ఐదు బిల్లులుగా 24 వేల చొప్పున వ్రాయిస్తే 2017 నాటి హద్దు కింద ఏమీ అక్కరలేదు. తెలివైన పనిగా కనబడుతుంది. అదే నియమావళిలో 157వ నియమం ఈ పనినే పేరుపెట్టి నిషేధించింది. పెద్ద కొనుగోలును, పద్ధతి తప్పించుకోవటానికి, చిన్న ముక్కలు చేయరాదు అని. కనుక ఈ తెలివి మనకంటె ముందే చాలామందికి వచ్చి ఉన్నదన్నమాట.

"అన్నీ బాగానే ఉన్నాయి మాస్టారూ, కాని ఆపద వచ్చినపుడు కొటేషన్లు తెచ్చుకుంటూ కూర్చుంటామా?" ఇది మన కుర్రాళ్ల అసలు ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినపుడు, మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు, చరిత్రలో ఎన్నడూ రానంత, దిగినపుడు, మన సంఘం నుంచి వ్యాను వేసుకొని పోయినవారు ఇక్కడే కూర్చున్నారు. అన్నం పొట్లాలు ఉన్నాయి, నీళ్ల ప్యాకెట్లు ఉన్నాయి. నడుములోతు నీళ్ల అవతల మేడమీద మనుషులు కనబడుతున్నారు. అంతదూరం పోవటానికి ఒక తాడు, నాలుగు లైఫ్ జాకెట్లు లేవు. చేతులు ఊపి తిరిగివచ్చిన ఆ బాధ మాకు తెలుసు. అందులో మేమూ ఉన్నాము.

దీనికి చట్టంలో జవాబున్నది. విపత్తు నిర్వహణ చట్టం 50వ సెక్షను. ఆపద ముంచుకొచ్చినపుడు జాతీయ, రాష్ట్ర, జిల్లా అథారిటీలలో ఏదైనా, వెంటనే సామాను కావాలని తృప్తిపడితే, తన కింది శాఖకు అధికారం ఇవ్వవచ్చును. అప్పుడు టెండర్లు పిలిచే పద్ధతి రద్దయినట్లే. వాడిన సామానుకు నియంత్రణాధికారి ఇచ్చే ధృవపత్రమే ఓచరుగా చెల్లుతుంది. ఎంత ఉదారమైన సెక్షనో చూడండి. కాని ఆ అధికారం అథారిటీది. జిల్లా అథారిటీకి అధ్యక్షులు కలెక్టరు గారు. "వరద వచ్చింది గనుక మేమూ టెండరు లేకుండా కొన్నాము" అని సంఘం చెప్పుకోవటానికి ఆ సెక్షను ఉపకరించదు. 2020 మార్చి 24న ఎంపీ నిధుల నుంచి ప్రభుత్వాసుపత్రులకు థర్మామీటర్లు, పీపీఈ కిట్లు, వెంటిలేటర్లు కొనవచ్చునని ఒక్కసారికి సడలింపు ఇచ్చారు. అది కూడా వ్రాతపూర్వకమైన ఉత్తర్వుతోనే, ప్రభుత్వాసుపత్రులకే.

అధికారం ఉన్నవారిని కూడా తరువాత లెక్క అడుగుతారు. కేరళలో 2020లో హడావుడిగా కొన్న పీపీఈ కిట్లను గూర్చి కాగ్ వ్రాసిన నివేదిక 2025 జనవరిలో అక్కడి శాసనసభ ముందుకు వచ్చింది. తక్కువ ధర చెప్పినవారుండగా ఎక్కువ ధరకు కొన్నందున 10 కోట్ల 23 లక్షలు అదనంగా ఖర్చయిందని అందులో ఉన్నది. అక్కడి ప్రభుత్వం తన కారణాలు తాను చెప్పుకొన్నది. ఆ వాదంలోకి మేము పోము. అయిదేళ్ల తరువాత కూడా బిల్లు తీసి చూస్తారు అన్నది మాత్రమే మనకు కావలసింది. అంత పెద్ద ప్రభుత్వానికి జవాబు చెప్పటానికి సెక్రటేరియట్ ఉన్నది. మనకున్నది ఒక సెక్రటరీ గారు, ఆయనకున్నది ఒక టేబులు.

కనుక కుర్రాళ్ల ప్రశ్నకు మా జవాబు ఇది. వరద వచ్చినరోజు కొనే సామానుకు తొందర ఉంటుంది. వేసవిలో కొనే సామానుకు ఉండదు. తాడు, జాకెట్లు, స్ట్రెచరు, టార్చిలైట్లు, మెగాఫోను ఏప్రిల్, మే నెలల్లో కొనాలి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్, రెండూ ఏడాది చివర నెలలలోనే వచ్చాయి. మన తీరానికి తుఫాను ఎప్పుడు వస్తుందో మనకు కొత్త సంగతి కాదు. మార్చిలో గ్రాంటు మురిగిపోతుందని ఆఖరివారంలో పరుగెత్తి కొనటం ఒక జబ్బు. వానలో పరుగెత్తి కొనటం ఇంకొక జబ్బు.

కొన్న తరువాతి పనిని గూర్చి త్వరగా చెబుతాము, భోజనాల వేళ అవుతున్నది. గ్రాంటుకు వేరే బ్యాంకు ఖాతా ఉండాలి, సంఘం చందాలతో కలపకూడదు. ఆ ఖాతాలో పడిన వడ్డీ కూడా మనది కాదు, లెక్కలో చూపి తిరిగి కట్టాలి. సామాను వచ్చినరోజే స్టాకు రిజిస్టరులో నెంబరుతో సహా ఎక్కించాలి. కేంద్ర గ్రాంటు అయితే ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల లోపల వినియోగ ధృవపత్రం పంపాలి. అది పంపకపోతే మరుసటి గ్రాంటు రాదు సరిగదా, ఇచ్చింది తిరిగి అడుగుతారు. మంజూరు చేసినవారి అనుమతి లేకుండా ఆ వస్తువును అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, వేరే పనికి వాడకూడదు. మొన్న ఒక పెద్దాయన, "జనరేటరు వస్తే పెళ్లిళ్లకు కూడా ఇచ్చుకోవచ్చు" అని సరదాగా అన్నారు. సరదాగానే అన్నారని మేము నమ్ముతున్నాము. సమాచార హక్కు చట్టం ఉన్నది, 2005 నుంచి. ఎవరైనా ఒక దరఖాస్తు పెట్టి కలెక్టరేటులో మన ఫైలు చూడవచ్చును. మన ఇళ్లలో దీనిని అమానత్ అంటాము. ఎవరో దాచమని ఇచ్చిన సొత్తు. దానిని తీసినచోట తీసినట్లు చూపగలగాలి.

గ్రాంటుతో రానిది ఒకటున్నది, ఖర్చు. ఎంపీ నిధులు వస్తువుకిస్తారుగాని దాని పోషణకివ్వరు. పోషణ మేము చూసుకొంటామని ముందే హామీ వ్రాసివ్వాలి. అంబులెన్సు అంటే రాత్రి డ్యూటీ డ్రైవరు ఒకరు, పగటి డ్రైవరు ఒకరు, డీజిలు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, టైర్లు, ఆక్సిజన్ నింపించటం. ఇది ప్రతినెలా. ఎర్ర సిలిండర్లకైతే ఏటేటా సర్వీసు, కొన్నేళ్లకొకసారి ఒత్తిడి పరీక్ష. మన సంఘం నెలచందా రిజిస్టరు మేము చూశాము. అందులో క్రమంగా కడుతున్నవారి పేర్లు ఇక్కడ చదవము, కట్టనివారివి అసలే చదవము. కాని ఆ రిజిస్టరుతో ఇద్దరు డ్రైవర్లను పోషించగలమని మాత్రం చెప్పలేము. 2005 ఆగస్టు 15 నుంచి 108 నడుస్తున్నది. అది రావటానికి పట్టే ఆ కొద్దిసేపు రోగి దగ్గర ఏమి చేయాలో తెలిసిన పదిమంది మన వీధుల్లో ఉంటే, మూలనపడిన అంబులెన్సు కంటె అది ఎక్కువని మా అభిప్రాయం. దీనిమీద భిన్నాభిప్రాయం ఉన్నవారు తప్పక లేచి మాట్లాడాలి. మేము పంతుళ్లం, మాకు ఎదురు మాట్లాడేవాళ్లు అలవాటే.

ఒక చిన్న సంగతి, గ్రాంటు అక్కరలేనిది. మన బ్రాడీపేటలో ఇల్లు చెప్పటం మనకు సులభం, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, 4/14 అంటే అయిపోయింది. బయటనుంచి వచ్చిన డ్రైవరుకు రాత్రిపూట ఏది లైనో, ఏది అడ్డరోడ్డో తెలియదు. చాలా మలుపుల్లో బోర్డులు చెరిగిపోయాయి. రంగు, కుంచె మన చందాతో కొనుక్కోవచ్చు. దానికి కొటేషను కూడా అక్కరలేదు, రసీదు ఒకటి చాలు.

కార్యవర్గం ముందు మేము పెడుతున్నవి ఇవి. అంబులెన్సు దరఖాస్తు ఈ ఏడాదికి ఆపండి. వరద సామాను, స్ట్రెచర్లు, మంచి కాన్సెంట్రేటరు ఒకటి, దానికి ఇన్వర్టరు, ఇంతవరకే అవసరం వ్రాద్దాము. కొనుగోలు కమిటీలో ముగ్గురిని వేయండి. అందులో దుకాణం ఉన్నవారు గాని, దుకాణదారుకు బంధువులు గాని ఉండకూడదు. ఒకరు అవసరమైతే "ఇది వద్దు" అని మొహమాటం లేకుండా అనగలవారై ఉండాలి. మన సోదరీమణులలో ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయినవారున్నారు. ఆక్సిజన్ మిషను ముందు నిలబడి మీటరు చదవటం మా ముగ్గురు పంతుళ్ల కంటె ఆమెకు బాగా తెలుసు. ఆమెను అడగండి.

మమ్మల్ని కూడా కమిటీలో ఉండమన్నారు. ఉంటాము, ఒక్క షరతు మీద. సామాను ఇంటర్వెల్ సమయంలో దింపకూడదు. ఆదివారం ఉదయం, ఫజర్ తరువాత, మన ఆఫీసు వరండాలో, వెలుతురులో దింపాలి. ప్రతి పెట్టె విప్పి, ప్రతి తేదీ పైకి చదివి, జాకెట్టు ప్రతిదీ ఎవరో ఒకరు తొడుక్కొని చూసి, ఆ తరువాతే కలం తీస్తాము. ఎంతసేపు పట్టినా సరే. టీ అయిన తరువాత తాగుదాము.